నల్లటేపు ముక్క

చిన్న ట్రక్కు మెకానిక్కు షెడ్డు ముందు ఆగేసరికి మేస్త్రీ ఎవరిదో చైను కిరోసిన్లో ముంచి బ్రష్షుతో రుద్దుతున్నాడు. తలెత్తి చూశాడు. ట్రక్కులో తాళ్ళతో కట్టిన మోటారు సైకిలు ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎడమ అద్దం లేదు. హ్యాండిలు మెడ విరిగిన కోడిలా వాలిపోయింది.

"మీటరమ్మ బండి కదూ!" అన్నాడు పక్కన పంచర్లు వేసే పెద్దాయన, ట్యూబుని నీళ్ళతొట్టిలో తిప్పడం ఆపి.

కరెంటు మీటర్ల రీడింగు తీసేవాళ్ళలో ఆమె ఒక్కతే ఆడమనిషి. అందుకని ఆ పేరు పడింది. నెలకి ఇరవై రోజులు ఆ బండి మీదే తిరుగుతుంది.

ట్రక్కు ముందు సీట్లోంచి ఆమె భర్త దిగాడు. బట్టల కొట్లో గుడ్డ కత్తిరించే మనిషి. పక్కనున్నవాడికి కూడా వినపడనంత మెల్లగా మాట్లాడతాడని పేరు. ఇవాళ రోడ్డవతలికి వినిపించేలా మాట్లాడాడు.

"దింపండి మేస్త్రీగారూ. హ్యాండిలు సరిచేసి, గీతలు కనపడకుండా రంగేసి, ఎవరికైనా ఇప్పించెయ్యండి. ఇక ఇది మా ఇంటికి రావద్దు."

"ఏమైంది?"

"నిన్న సాయంత్రం అమ్మని వెనక కూర్చోబెట్టుకుని కళ్ళాసుపత్రి నుంచి వస్తోంది. అప్పుడే తుప్పర పడి ఆగింది. గోదాముల మలుపులో మేకపిల్ల అడ్డమొచ్చిందంట. ఈవిడ బ్రేకు పట్టిందంట. బండి ఒకవైపు, మా అమ్మ ఒకవైపు."

మేస్త్రీ చేతిలో చైను కిరోసిన్ డబ్బాలోకి జారింది. "పెద్దావిడకి?"

"తుంటి ఎముక విరిగింది. ఇవాళ మధ్యాహ్నం ఆపరేషను." అతను చొక్కా చేతులు పైకి మడుచుకుని, మళ్ళీ దించుకున్నాడు. "ఎన్నిసార్లు చెప్పాను, కంగారు పడకు, మెల్లగా పట్టు అని. వింటేగా! నిన్నమొన్న నేర్చుకున్నదా? ఆరేళ్ళ నుంచి నడుపుతోంది."

"మేకపిల్లకేం కాలేదా?" అన్నాడు పంచర్ల పెద్దాయన.

"దానికేం, గెంతుకుంటూ పోయింది."

"అదృష్టవంతురాలు. మీ ఆవిడకి దొరికుంటే దాని పేరున కూడా ఒక బిల్లు రాసిచ్చేది."

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన ట్యూబుని మళ్ళీ నీళ్ళలోకి ముంచాడు.

బండి దింపి స్టాండు వేశాక మేస్త్రీ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎప్పుడూ చేసే పనే. పడిన బండి ఎలా పడిందో చెబుతుంది. ఎడమ పెడలు వంగింది, ఎడమ లీవరు కొస విరిగింది, ఇంజను పక్కన గీతలన్నీ ఒకే వాటంలో ఉన్నాయి. అంటే దొర్లలేదు. ముందు చక్రం బిగుసుకుపోయి కాళ్ళకింద చాప లాగినట్టు జారిపోయింది. టైరు తిప్పి చూశాడు. ఒకచోట గీతల మధ్య రబ్బరు నున్నగా అరిగి ఉంది, బొటనవేలంత మేర. బిగుసుకున్న చక్రం రోడ్డు మీద ఈడ్చుకుపోయిన చోటు అది.

ఆ మచ్చ మీద వేలు పెట్టి తియ్యలేదు.

"ఏంటి మేస్త్రీగారూ, టైరు పోయిందా?" అన్నాడు భర్త.

"లేదు. టైరు బాగానే ఉంది. మీరెళ్ళండి, ఆసుపత్రి పనులుంటాయిగా."

అతను వెళ్ళాక మేస్త్రీ స్క్రూడ్రైవరు తీసుకుని, హ్యాండిలు పని వదిలేసి, స్పీడు చూపించే డబ్బా విప్పాడు. నాలుగు స్క్రూలు. అద్దం వెనక, ఏబీఎస్ లైటు ఉండే చోట, గోరంత నల్లటేపు ముక్క అతికించి ఉంది. దాన్ని అతికించింది తనే. ఆరు రోజులైంది.

ఆరోజు ఆమె పొద్దున్నే వచ్చింది. "మేస్త్రీగారూ, ఈ పసుపు లైటు బండి కదిలాక ఆరిపోవాలి కదా, ఆరట్లేదు. చూస్తారా?" అంది. బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే డబ్బా ఒకటుంటుంది, దాని లైటు అది. ఆ డబ్బాకి చక్రం నుంచి కబురు తెచ్చే వైరు ఎక్కడో తెగిందని తెలుస్తూనే ఉంది. ఎక్కడ తెగిందో వెతకడం అతనికి రాదు. ముప్ఫై ఏళ్ళుగా ఇంజను చప్పుడు విని రోగం చెప్పినవాడు. ఆ 'రాదు' అనే మాట నోరు దాటి రాలేదు. మీరు టీ తాగి రండమ్మా అని పంపించి, అద్దం విప్పి టేపు వేశాడు. ఆమె వచ్చి తాళం తిప్పి, కాస్త దూరం నడిపి చూసింది. లైటు లేదు. "అమ్మయ్య" అంది. "మీ చెయ్యి పడితే చాలు."

ఆమె వెళ్ళాక పంచర్ల పెద్దాయనతో పెద్ద మాట కూడా అన్నాడు. "బ్రేకు మనిషి చేతిలో ఉంటుంది పెద్దాయనా. ఈ డబ్బాల్లో ఏముంది? మనం నడపలేదా ఇన్నాళ్ళు?"

ఇప్పుడు టేపు వైపు చూస్తూ నిలబడ్డాడు. గోటితో పీకబోయాడు. తర్వాత అద్దాన్ని అలాగే గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాడు. షెడ్డు మూసి వెళ్ళడం అతనికి అలవాటు లేదు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా గోళ్ళ చుట్టూ నలుపు పోలేదు. ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద పెద్దావిడ పడుకుని ఉంది. కోడలు ఆమె జడ విప్పి చిక్కు తీస్తోంది. కోడలి మోచెయ్యి నుంచి మణికట్టు దాకా తోలు లేచిపోయింది. మందు పూసి వదిలేశారు.

"రా నాయనా, కూర్చో" అంది పెద్దావిడ. "కుర్చీ లేదు. మంచం మీద కూర్చో కానీ ఆ కాలు మీద మాత్రం కూర్చోకు. అందులో ఇప్పుడు నాకంటే ఎక్కువ ఇనుముంది."

"నిలబడతానులే పెద్దమ్మా. నొప్పి ఎలా ఉంది?"

"నొప్పి నాకు తెలీదు, మందులకి తెలుసు. నా బాధంతా వేరే. రాత్రీపగలూ ఒంటికీ రెంటికీ మంచం మీదే ఒకరు తొట్టి పెట్టాలి, ఒకరు తియ్యాలి. ఇంతకాలం ఎవరి చేతా చెంబు అందించుకోలేదు నేను." కోడలి చేతిలోంచి జడ లాక్కుంది. "మెల్లగా! పడేసినప్పుడు ఎలాగూ మెల్లగా పడెయ్యలేదు, దువ్వేటప్పుడైనా మెల్లగా దువ్వు. ఊరందరి కరెంటూ లెక్క కడుతుంది నాయనా, మేకపిల్ల ఎంత దూరంలో ఉందో లెక్క కట్టలేకపోయింది."

కోడలు జడ మళ్ళీ చేతిలోకి తీసుకుని, చివరిదాకా అల్లి, రబ్బరు వేసింది. తర్వాత మేస్త్రీ వైపు చూసి, "మంచినీళ్ళు తెద్దాం రండి" అంది.

వరండాలో నీళ్ళ కుళాయి దగ్గర సీసా కింద పెట్టి, నీళ్ళు పడుతుండగా అడిగింది.

"మేస్త్రీగారూ, మీరు బండి సంగతి తెలిసినవాళ్ళు. నిజం చెప్పండి. నేనేం తప్పు చేశాను?"

అతను సీసా వైపు చూశాడు.

"బండి కొన్నరోజు షోరూములో చెప్పారు. ఆపదొస్తే భయపడకుండా గట్టిగా పట్టండి, పట్టింది వదలొద్దు, చక్రం బిగుసుకోదు, మిగతాది బండి చూసుకుంటుంది అని. ఆ లైటు వెలిగినన్నాళ్ళు మెల్లగానే పోయాను, దూరం నుంచే బ్రేకు వేసుకునేదాన్ని. మీరు బాగుచేశారు కదా అని ధైర్యంగా పట్టాను. వేళ్ళన్నీ పెట్టి పట్టాను. ఎక్కువ పట్టానా? తక్కువ పట్టానా? నాకు అర్థం కావట్లేదు."

సీసా నిండి నీళ్ళు పైనుంచి పొర్లుతున్నాయి. ఆమె చూసుకోలేదు. అతను వంగి కుళాయి కట్టాడు.

"తడి రోడ్డమ్మా" అన్నాడు. "ఒక్కోసారి..."

"అంతే అంటారు ఆయన కూడా. తడి రోడ్డు మీద ఎవరైనా అంత గట్టిగా పడతారా అని." సీసా మూత బిగించింది. "ఆఫీసులో ఇక తిరగొద్దన్నారు. కౌంటరులో కూర్చోమన్నారు. అదే మంచిదేమో. బండి తలుచుకుంటే చాలు, ఈ చెయ్యి వణుకుతోంది. చూడండి."

చెయ్యి చాపింది. అతను ఆ చేతిని చూసి, తన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"పాపం, మీరు బాగుచేసిచ్చిన వారంలోపే పాడుచేసి తెచ్చాను. ఏమీ అనుకోకండి" అంది ఆమె.

ఆ రాత్రి మేస్త్రీ అన్నంలో చెయ్యి పెట్టి కూర్చున్నాడు. భార్య రెండుసార్లు కూర వడ్డించబోయి, కంచంలో ముందు వేసింది అలాగే ఉండటం చూసి ఆగింది. అప్పుడు టేపు సంగతి చెప్పాడు. ఆమె గరిటె గిన్నెలో పెట్టింది.

"నాకెందుకు చెబుతున్నావు?" అంది. "నేనేమన్నా పడ్డానా?"

మర్నాటికి హ్యాండిలు సరైంది. లీవరు మార్చాడు. మిట్టమధ్యాహ్నం పనిముట్ల సంచి తగిలించి బండి తోసుకుంటూ పాత గోదాముల వెనక ఖాళీ సిమెంటు నేల మీదికి తీసుకెళ్ళాడు. పంచర్ల పెద్దాయన్ని రెండు నీళ్ళ డబ్బాలతో వెంట రమ్మన్నాడు.

"ఇక్కడ పొయ్యి. ఈ గీత నుంచి ఆ గీత దాకా. బాగా తడవాలి."

"నాట్లేస్తున్నావా ఏంటి?"

"పొయ్యి ముందు."

ఏం చూడాలనుకుంటున్నాడో అతనికి స్పష్టంగా తెలుసు. ఆ డబ్బా పనిచేసినా చెయ్యకపోయినా అంత తడిలో, అంత గట్టిగా పడితే, ఎవరైనా పడాల్సిందే. అది తేలితే చాలు. అప్పుడు టేపు సంగతి సొరుగులోనే ఉండిపోవచ్చు.

వైరు తెగి ఉండగానే మొదటిసారి వెళ్ళాడు. హెల్మెట్టు పెట్టుకున్నాడు. వేగం ముప్ఫై దాటాక తడిలోకి రాగానే, ఆమె చెప్పినట్టు వేళ్ళన్నీ పెట్టి పట్టాడు. ముప్ఫై ఏళ్ళ చెయ్యి అది. అయినా చక్రం బిగుసుకోవడం తెలిసింది కానీ వదలడానికి వ్యవధి లేదు. నేల పక్కనుంచి వచ్చి భుజాన్ని కొట్టింది.

పెద్దాయన డబ్బాలు పారేసి పరిగెత్తుకొచ్చాడు. "లే, లే. నీకేమన్నా పిచ్చా? ఈ వయసులో సర్కసా?"

మోచెయ్యి చీరుకుపోయింది. ఆమెకి లేచినచోటే తనకీ తోలు లేచింది. నెత్తురు తుడుచుకోకుండా బండి లేపి, నేల మీద కూర్చుని, ముందు చక్రం దగ్గరి వైరుని వేళ్ళతో తడుముకుంటూ పైకి వచ్చాడు. అంగుళం అంగుళం వంచి చూశాడు. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు పక్కన క్లిప్పు ఉన్నచోట, హ్యాండిలు తిప్పినప్పుడల్లా రాసుకుని, పైతొడుగు అరిగి లోపలి తీగ తెగి ఉంది. టెస్టు బల్బు ముళ్ళు వైరుకి గుచ్చి కరెంటు ఎక్కడ ఆగుతోందో చూశాడు. అక్కడే. తీగ ఒలిచి, సీసం కరిగించి అతికి, గొట్టం తొడిగి, క్లిప్పు వదులు చేశాడు. బండి తోసి కాస్త దూరం నడిపాడు. అద్దం లేని మీటరులో పసుపు లైటు వెలిగి, దానంతట అది ఆరిపోయింది.

మొత్తం గంట పట్టింది. టేపు వేసిన రోజు ఆమె టీ తాగి, పక్క వీధిలో నాలుగు మీటర్లు చూసి వచ్చేపాటి గంట.

"మళ్ళీ నీళ్ళు పొయ్యి" అన్నాడు.

ఈసారి పట్టగానే లీవరు వేళ్ళ కింద కొట్టుకుంది. గుప్పిట్లో పిచ్చుకని పట్టుకుంటే దాని గుండె తగిలినట్టు, టకటకటక. చక్రం పట్టుకుంటోంది, వదులుతోంది, పట్టుకుంటోంది. బండి తిన్నగా వెళ్ళి, ముక్కు వంచి, ఆగింది. కాలు కింద పెట్టాడు.

ఇంకోసారి వెళ్ళాడు. ఆగింది. మరికాస్త వేగంగా వెళ్ళాడు. ఆగింది. నీళ్ళ మీద బురద కూడా వేయించాడు. ఒక్కసారి పడిపోతే బాగుండునని వెళ్ళాడు. నాలుగోసారీ నిటారుగా ఆగింది.

"భలే బండి!" అన్నాడు పెద్దాయన. "మరి ఆగినందుకు ఆ మొహమేంటి?"

మేస్త్రీ హెల్మెట్టు తీసి ట్యాంకు మీద పెట్టాడు. ఆ టకటక వేళ్ళలో ఇంకా పోలేదు.

నాలుగో రోజు బండి తనే నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్ళాడు. వార్డులో ముగ్గురూ ఉన్నారు. భర్త ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాడు.

"ఆవిడ తప్పేం లేదు" అన్నాడు మేస్త్రీ, మంచం కాళ్ళ వైపు నిలబడి. "తప్పు నాది. ఆ లైటు వెలిగితే నేను బాగుచెయ్యలేదు. కనపడకుండా మూసేశాను. బ్రేకు డబ్బా అప్పటికి పనిచెయ్యట్లేదు. ఆవిడ పనిచేస్తోందనుకుని పట్టింది."

భర్త టీ గ్లాసు అతని చేతిలో పెట్టాడు.

"మీరు మంచివాళ్ళు మేస్త్రీగారూ. ఈవిడ ఏడుస్తోందని ఎవరో చెప్పుంటారు. మీ మీద వేసుకుంటే ఈవిడ మనసు తేలికవుతుందనుకున్నారు. అంత అవసరం లేదు. బండన్నాక పడతాం."

"చూశావా" అంది పెద్దావిడ కోడలితో. "బయటివాడికున్న జాలి నాకు లేకపోయింది. కూర్చో నాయనా, టీ తాగు."

మేస్త్రీకి చెవులు వేడెక్కాయి. తిడతారని వచ్చాడు. కొడితే కొట్టించుకోవచ్చనుకున్నాడు. చేతిలో గ్లాసు కాలుతోంది, కింద పెట్టడానికి చోటు లేదు. వాళ్ళు ముగ్గురూ దయగా చూస్తున్నారు. ఇలాగే టీ తాగి వెళ్ళిపోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసింది.

గ్లాసు కిటికీలో పెట్టి, జేబులోంచి గుడ్డ మూట తీసి విప్పాడు. మీటరు అద్దాన్ని వెనక్కి తిప్పి కోడలి చేతికిచ్చాడు.

ఆమె దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. టేపు అంచు మీద బొటనవేలు నడిపింది.

"పళ్ళతో తెంపారు" అంది.

"అవునమ్మా."

"రోజూ చూస్తాను ఇలాంటివి. మీటరు సీలు తెంపి మళ్ళీ అతికిస్తారు. లోపలి చక్రం తిరక్కుండా అడ్డం పెడతారు. అడిగితే మాకేం తెలీదు, ముందునుంచీ అలాగే ఉంది అంటారు." అద్దాన్ని భర్త చేతిలో పెట్టింది. "ఇది నిజమేనండీ. జాలి కాదు."

భర్త అద్దాన్ని చూశాడు, ఆమె మోచేతిని చూశాడు. మంచం మీద కూలబడ్డాడు.

"కాలురా, కాలు!" అని అరిచింది పెద్దావిడ. అతను ఉలిక్కిపడి లేచాడు. నొప్పి తగ్గేదాకా ఆమె కళ్ళు మూసుకుని ఉంది. కళ్ళు తెరిచినప్పుడు మేస్త్రీనే చూస్తోంది.

"నాలుగు రోజుల నుంచి దీన్ని అనరాని మాటలన్నాను. నా తొట్టి ఎత్తుతుంటే అన్నాను, అన్నం పెడుతుంటే అన్నాను. ఎముక అతుక్కుంటుందన్నారు డాక్టర్లు. ఆ మాటలు ఎవరు వెనక్కి తీసుకుంటారు? నువ్వు తీసుకుంటావా?"

మేస్త్రీ తల వంచుకున్నాడు.

"ఇంకెన్ని బండ్లకి అతికించారు?" అంది కోడలు. గొంతు పెద్దది చెయ్యలేదు. గుమ్మంలో నిలబడి మీటరు ఎక్కడుందని అడిగే గొంతే అది.

"మూడు."

"ఎవరెవరివి?"

"బేకరీ ఆయనది. లెక్కల టీచరుది. మందుల షాపు ఓనరుది."

"మూడిళ్ళూ నాకు తెలుసు." లేచి నిలబడింది. భర్త వైపు కాదు, మేస్త్రీ వైపు చెయ్యి చాపింది. "తాళం ఇవ్వండి."

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"తుప్పర పడేలా ఉంది. ఈలోపే ఆ మూడిళ్ళకీ వెళ్ళొస్తాం." ఆమె అత్త దుప్పటి సరిచేసింది. "తొట్టి మంచం కింద ఉంది. ఇవాళ మీరు పెట్టండి."

బయట బండి ఎక్కి ఆమె చాలాసేపు కదలలేదు. కుడిచేతి వేళ్ళు బ్రేకు లీవరు మీద పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. మేస్త్రీ "నేను నడపనా" అనబోయి, ఆ మాట మింగేసి వెనక ఎక్కాడు. ఎవరి వెనకా కూర్చుని ఎరగడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో ఇద్దరు అతన్ని గుర్తుపట్టారు.

ఆమె స్టార్టు చేసింది. మొదట నడిచినంత మెల్లగా పోనిచ్చింది. గోదాముల దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నచోట వేగం పెంచి, ముందూ వెనకా చూసుకుని, ఒక్కసారిగా బ్రేకు పట్టింది. అతని నుదురు ఆమె హెల్మెట్టుకి టంగున తగిలింది. బండి తిన్నగా ఆగింది. ఆమె లీవరు వదలకుండా కాసేపు అలాగే ఉంది.

"ఇలా కొట్టుకుంటుందా?" అంది.

"అవునమ్మా. నాకూ నిన్ననే తెలిసింది."

ఆమె వెనక్కి తిరగలేదు. గేరు వేసింది.

బేకరీ ఆయన ఇల్లు మొదట వస్తుంది. ఆయన బనీను మీదే బయటికొచ్చాడు. "ఏంటమ్మా, రీడింగు పోయినవారమేగా తీశావు? ఇదేంటి, మేస్త్రీ కూడా! నువ్వు కరెంటాఫీసులో ఎప్పుడు చేరావయ్యా?"

ఆమె పక్కకి జరిగి నిలబడింది. అతని తరఫున ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

"మీ బండి..." అన్నాడు మేస్త్రీ. వాకిట్లో బండి నిలబెట్టే చోట నూనె మరక మాత్రమే ఉంది. "బండేదీ?"

"అమ్మాయి కాలేజీకి తీసుకెళ్ళింది. వచ్చే వేళైంది. ఏం?"

అప్పటికే చినుకులు మొదలయ్యాయి. వాకిట్లో దుమ్ము మీద ఒక్కొక్కటే నల్లగా పడుతున్నాయి. లోపలికి రమ్మని బేకరీ ఆయన పిలిచాడు. ఆమె చూరు కిందికి వెళ్ళింది. మేస్త్రీ గేటు దగ్గరే నిలబడ్డాడు. ఒక ఇంజను చప్పుడు వినిపించింది. "మాదేనా?" అన్నాడు ఇంటాయన. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. ఇంకోటి వచ్చింది. అదీ కాదు. వాన పెద్దదైంది. జుట్టులోంచి నీళ్ళు కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. తుడుచుకునే లోపల రోడ్డు మలుపు కనపడకుండా పోతుందేమోనని భయం.

మూడోది ఇంకా మలుపు తిరగకముందే అతను రోడ్డు మీదికి వచ్చేశాడు. రెండు చేతులూ పైకెత్తి, మెల్లగా, మెల్లగా అని దించుతూ నిలబడ్డాడు. అమ్మాయి నవ్వుకుంటూ వేగం తగ్గించి, గేటు ముందు కాళ్ళు కింద పెట్టి ఆపింది.

"ఏంటి అంకుల్, ట్రాఫిక్ పోలీసా?"

"దిగమ్మా. తాళం ఇలా ఇవ్వు."

అమ్మాయి వాళ్ళ నాన్న వైపు, మీటరమ్మ వైపు చూసింది. "ఎందుకు? లైటు మళ్ళీ వెలుగుతోందా? నేను రోజూ చూస్తున్నానే, అస్సలు వెలగట్లేదు."

"వెలగదమ్మా" అన్నాడు మేస్త్రీ, ఇంటాయనకి కూడా వినపడేలా. "వెలగకుండా చేసింది నేనే."